వంశధార వెంట ఒక రోజు: ముఖలింగం గుళ్లను మీవాళ్లకు మీరే చూపించడం ఎలా

ముఖలింగం వెళ్లివచ్చినవాళ్లను ఏం చూశారని అడగండి. దర్శనం బాగా జరిగిందంటారు, రద్దీ లేదంటారు, రోడ్డు ఫరవాలేదంటారు. అంతకుమించి చెప్పడానికి చాలామందికి ఏమీ ఉండదు. పక్కన నిలబడి గోడ మీదకు వేలు చూపించి "ఇదిగో, ఈయన ఎవరో చూడండి" అనే మనిషి లేకపోవడం వల్ల వచ్చిన లోటు ఇది. గర్భగుడిలో మనం ఉండేది అయిదు నిమిషాలు. ఆ గుళ్ల చుట్టూ చూడవలసింది మాత్రం మూడు గంటలకు తక్కువ కాదు. ఆ మూడు గంటలూ మీ ఇంటివాళ్లను, స్నేహితులను మీరే నడిపించగలరు. ఎలాగో చెబుతాను.

నేను శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ప్రాంతంలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన టీచరును. బడిలో ఉన్న రోజుల్లో పిల్లలను, ఇప్పుడు చుట్టాలను, వాళ్లు వెంటబెట్టుకొచ్చే స్నేహితులను తీసుకుని వంశధార ఒడ్డున తిరుగుతుంటాను. మా జిల్లాకు వచ్చినవాళ్లు అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని సాయంత్రానికి రైలెక్కేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ రెండూ గొప్ప క్షేత్రాలే. కానీ కళింగాన్ని ఏలిన గాంగ రాజులు రాజధాని చేసుకున్న ఊరు ఇక్కడికి గంటన్నర దూరంలో ఉండగా, దాన్ని చూడకుండా వెళ్లిపోతే ఎలా?

ముందుగా మనుషుల లెక్క. పది మంది దాటకుండా చూసుకోండి. ఒక వ్యాను, ఒక గొంతు, ఒక గోడ ముందు అందరూ నిలబడి చూడగలిగినంత మంది. అంతకు మించితే వెనకున్నవాళ్లు ఫోన్లలోకి వెళ్లిపోతారు, ముందున్నవాళ్లకు మాత్రమే మీ మాట అందుతుంది. పిల్లలు ఉంటే మంచిది. వాళ్లు అడిగే ప్రశ్నలు పెద్దలకు కూడా పనికొస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వస్తుంటే గడపలు దాటించడానికి, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవడానికి ఒక కుర్రవాణ్ని ముందే ఒప్పించి పెట్టుకోండి.

రోజు ఎంచుకోవడం రెండో పని. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా వైపు తిరగడానికి హాయిగా ఉంటుంది. వానాకాలంలో వంశధార ఎర్రగా, నిండుగా పారుతుంది. చూడటానికి అందమే గానీ పిల్లలతో ఒడ్డుకు వెళ్లే కాలం కాదు. అక్టోబరు తుపానుల నెల. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీని మా జిల్లావాళ్లు ఇంకా మరిచిపోలేదు. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలకే రాతి పలకలు కాళ్లు కాల్చేస్తాయి. కార్తీక సోమవారాలు, మహాశివరాత్రి భక్తితో వెళ్లవలసిన రోజులు. శివరాత్రి ఉత్సవాల ముగింపులో వంశధారలో చక్రతీర్థ స్నానం జరుగుతుంది. ఒడిశా నుంచి కూడా జనం పోటెత్తుతారు. ఆ జాతర తప్పకుండా చూడవలసిందే, కానీ ఆ రోజు శిల్పం చూపిద్దామనుకోకండి. గోడ దగ్గరకు చేరే దారే ఉండదు. చలికాలంలో సోమవారం కాని ఒక మామూలు రోజు మనకు కావాలి.

రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగుతారు. ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, శ్రీకాకుళం పట్నంలో కాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే దిగినవాళ్లు కంగారుపడతారు. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట సుమారు ఇరవై రెండు కిలోమీటర్లు, అక్కడి నుంచి జలుమూరు మండలంలోని ముఖలింగం మరో ఇరవై. బస్సులో నరసన్నపేట దాకా వచ్చి అక్కడ ఆటో మాట్లాడుకున్నా సరిపోతుంది. కానీ నేను చెప్పే దారంతా ఒక్కరోజులో తిరగాలంటే సొంత బండి గానీ, రోజంతటికీ కుదుర్చుకున్న వ్యాను గానీ ఉండాలి.

తెల్లవారగానే శ్రీకాకుళంలో బయలుదేరండి. ఊరు దాటకముందే నాగావళి ఒడ్డున గుడి వీధిలో ఉన్న కోటేశ్వరస్వామి గుడి దగ్గర పది నిమిషాలు ఆగండి. నాగావళి వెంట బలరాముడు అయిదు శివలింగాలు ప్రతిష్ఠించాడని మావాళ్లు చెప్పుకుంటారు. ఒడిశాలోని పాయకపాడు దగ్గర మొదలై గుంప, సంగాం, శ్రీకాకుళం, చివరికి నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా కల్లేపల్లి. బలరాముడు నాగలితో లాగితే ఈ నది పుట్టిందట. ఆ కథ చెప్పి, "ఈ రోజు మనం పక్క నదిని చూడబోతున్నాం, ఈ నదిని మరో రోజు చూద్దాం" అని బండి ఎక్కించండి. రెండు నదులు ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు.

టిఫిను నరసన్నపేటలో. మరుగుదొడ్డి అవసరాలు కూడా అక్కడే తీర్చుకోమని ఆడవాళ్లకు, పిల్లలకు గట్టిగా చెప్పండి. మధ్యాహ్నం భోజనం కట్టుకుని రావడమే మేలు. పులిహోర, దద్దోజనం, అరటిపళ్లు, తాగేంత నీళ్లు. ముఖలింగం చిన్న ఊరు. పది మంది ఒక్కసారిగా వెళ్లి భోజనం కావాలంటే దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు.

వ్యానులో చెప్పవలసిన మాటలు

నరసన్నపేట నుంచి ముఖలింగం చేరేలోపు మీకు ముప్పావుగంట చేతిలో ఉంటుంది. ఆ సమయంలో మూడు సంగతులు చెప్పండి, నాలుగోది వద్దు. గుడి ముందు నిలబడి రాజుల పేర్లు ఏకరువు పెడితే ఎవరూ వినరు. కదిలే బండిలో, కిటికీలోంచి పొలాలు చూస్తూ అయితే వింటారు.

మొదటిది ఇప్పచెట్టు కథ. గంధర్వులు కొందరు శాపవశాన సవరలుగా, అంటే ఈ కొండల్లోని గిరిజనులుగా పుట్టారు. వాళ్ల నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇంటి ముందున్న ఇప్పచెట్టు కొమ్మలను ఇద్దరూ పంచుకున్నారు. శివభక్తురాలైన భార్య వైపు రాలిన పూలు బంగారమవుతున్నాయి. దాంతో సవతుల మధ్య గొడవ. విసిగిన నాయకుడు గొడ్డలి తీసుకుని చెట్టు నరికాడు. నరికిన మొదట్లోంచి శివుడి ముఖం కనిపించింది. ఇప్పకు సంస్కృతంలో మధుకమని పేరు, అందుకే స్వామి మధుకేశ్వరుడు. కథ చెప్పేటప్పుడు సవరల సంగతిని నాలుగు మాటల్లో తేల్చేయకండి. వంశధార ఒడిశా కొండల్లో పుట్టి సవరలుండే కొండల పక్కగానే దిగి వస్తుంది. ఇంత పెద్ద శివక్షేత్రం పుట్టుక కథలో ఒక సవర ఇల్లు, ఒక అడవి చెట్టు ఉన్నాయంటే ఈ గుడికీ ఆ కొండలకూ ఉన్న బంధం ఎంత పాతదో పిల్లలకు తట్టాలి.

రెండోది చోడగంగు కథ. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. అది ఇదే చోటు, ముఖలింగం, దాని పక్క గ్రామాలు కలిసిన ప్రాంతం. అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడయ్యాడు. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు, తండ్రి గాంగరాజు. అందుకే ఆ పేరు. గోదావరి నుంచి గంగ దాకా రాజ్యం పెరిగాక 1135 ప్రాంతంలో రాజధానిని ఇక్కడి నుంచి కటకానికి మార్చాడు. పూరీలో ఇప్పుడు మనం చూసే జగన్నాథాలయాన్ని మొదలుపెట్టించింది కూడా ఆయనే. పూరీ వెళ్లివచ్చినవాళ్లు మీ బండిలో తప్పకుండా ఒకరిద్దరుంటారు. "ఆ గుడి కట్టడం మొదలుపెట్టిన రాజు మన వంశధార నీళ్లు తాగినవాడు" అని చెప్పండి. కిటికీ వైపున్న తలలు మీ వైపు తిరుగుతాయి.

మూడోది గిడుగు రామమూర్తి పంతులు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. ఆయన పుట్టిన రోజునే, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట ముఖలింగానికి దగ్గరి ఊరే. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. శాసనాల లిపిని సొంతంగా నేర్చుకుని ఈ గుడి గోడలు చదివారు. కళింగనగరమంటే సముద్రపు ఒడ్డునున్న కళింగపట్నమని అనుకునే పండితులు అప్పట్లో ఉండేవారు. ముఖలింగం శాసనాల ఆధారంతో, ఆ నగరం ఇదేనని గిడుగువారు తేల్చి చెప్పారు. ఏ ఉద్యోగమూ దీన్ని ఆయన చేత చేయించలేదు. తన ఊరి గుడి గోడ మీద ఏముందో తెలుసుకోవాలన్న పట్టుదల చేయించింది. మీరు ఈ రోజు చేస్తున్న పనికి పెద్దదిక్కు ఆయనే అనుకోండి.

మూడు గుళ్లు, ఏ వరసలో

ముఖలింగంలో చూడవలసిన గుళ్లు మూడు. సోమేశ్వరం, భీమేశ్వరం, మధుకేశ్వరం. ఊళ్లోకి వెళ్తూనే సోమేశ్వరం తగులుతుంది. చాలామంది దాన్ని దాటి నేరుగా పెద్ద గుడికి వెళ్లిపోతారు. దర్శనమయ్యాక తిరిగి వచ్చేటప్పుడు ఎండ పెరిగి, కాళ్లు లాగి, బండిలోంచే దానికో దణ్ణం పెట్టేస్తారు. మీరు అలా కానివ్వకండి. సోమేశ్వరం దగ్గరే అందరినీ దింపండి.

ఈ గుడికి ముందు మండపం లేదు. గర్భగుడి, దాని మీద నిటారుగా లేచిన శిఖరం, అంతే. అందువల్లే కళింగ పద్ధతి గుడి ఎలా ఉంటుందో నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. కాస్త దూరంగా నిలబెట్టి కింది నుంచి పైకి చూపించండి. మన దక్షిణాది గుళ్లలో గోపురం అంతస్తులుగా పైకి వెళ్తుంది. ఇక్కడ అంతస్తులు విడివిడిగా కనిపించవు. గోడ నిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ సన్నని వంపుతో లోపలికి వాలుతుంది. దీన్ని రేఖా శిఖరమంటారు. భువనేశ్వర్, పూరీ గుళ్లదీ ఇదే కుదురు. శిఖరాల మీద పెట్టే చారల గుండ్రటి రాయిని ఆమలకమంటారు. అచ్చం ఉసిరికాయలాగే ఉంటుంది. ఈ రెండు మాటలు, రేఖ, ఆమలకం, తెలిస్తే మిగతా రోజంతా మీవాళ్లు వాళ్లంతట వాళ్లే గుర్తుపడతారు.

తరువాత గోడల దగ్గరకు రండి. ఇక్కడ తొందరపడవద్దు. కళింగ శివాలయాల్లో మూడు వైపులా గోడ గూళ్లలో పరివార దేవతలను నిలబెట్టడం రివాజు. వినాయకుడు, కుమారస్వామి, అమ్మవారు. ఎవరు ఎక్కడున్నారో మీరు చెప్పకండి. పిల్లలకు ముగ్గురి పేర్లూ ఇచ్చి, గుడి చుట్టూ తిరిగి వెతుక్కురమ్మనండి. నెమలి కనిపిస్తే ఎవరు, మహిషం కనిపిస్తే ఎవరు అని మాత్రం ముందే చెప్పి పెట్టండి. వాళ్లు తిరిగి వచ్చేసరికి పెద్దవాళ్లకు మీరు ద్వారం చూపించవచ్చు. ద్వారం పైకమ్మి మధ్యలో గజలక్ష్మి కోసం చూడమనండి. అటూ ఇటూ ఏనుగులు తొండాలెత్తి అభిషేకం చేస్తుంటాయి. ద్వారం అడుగున నదీదేవతలను నిలబెట్టడం కూడా ఆనాటి అలవాటు. మకరం మీద నిలబడితే గంగ, తాబేలు మీద నిలబడితే యమున. నది ఒడ్డున కట్టిన గుడి గడపలో రెండు నదులు కాపలా ఉండటం నాకెంతో ఇష్టమైన సంగతి. గడప దాటకముందే తల వంచి ఆ అడుగు భాగం చూడటం మీవాళ్లకు అలవాటు చేయండి. గ్రహాల వరస కనిపిస్తే లెక్కపెట్టించండి. కళింగంలో పాత గుళ్ల మీద ఎనిమిది గ్రహాలే ఉంటాయి, కేతువు తరువాతి కాలంలో వచ్చి చేరాడు. ఎనిమిదా తొమ్మిదా అన్నదాన్ని బట్టి గుడి వయసును అంచనా వేయవచ్చని తెలిస్తే, పిల్లలు ప్రతి గుమ్మం దగ్గరా తల పైకెత్తి లెక్కపెడుతూనే ఉంటారు.

వెలుతురు గురించి ఒక మాట. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. ఉత్తరపు గోడ రోజంతా నీడలోనే ఉంటుంది. అక్కడి శిల్పం చూడాలంటే టార్చి కావాలి. ఎదురుగా వెలుగు కొడితే బొమ్మ చదునుగా కనిపిస్తుంది. టార్చిని గోడకు ఆనించినంత దగ్గరగా, ఒక పక్క నుంచి ఏటవాలుగా పట్టండి. అప్పుడు కనురెప్పలు, నడుము పట్టీ మీది గుత్తులు, వేళ్ల కణుపులు నీడతో సహా లేచి వస్తాయి. తూర్పు గోడలకు ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల ఎండ ఈ పనిని తనే చేసి పెడుతుంది. తెల్లవారగానే బయలుదేరమన్నది ఇందుకే.

భీమేశ్వరం దగ్గర ఎక్కువసేపు అక్కరలేదు. మూడింటిలోకీ శిల్పం తక్కువున్న గుడి. అనియంకభీమ వజ్రహస్తుడనే గాంగరాజు పేరుతో దీన్ని అనియంక భీమేశ్వరమని కూడా అంటారు. పూజలు చేసుకునేవాళ్లకు ప్రశాంతంగా కూర్చోవడానికి బాగుంటుంది.

ఇక మధుకేశ్వరం. మూడింటిలో పాతది, పెద్దది. రెండవ కామార్ణవుడు కట్టించాడని చెబుతారు. ఆవరణలోకి వెళ్లగానే మీవాళ్లు లోపలికి నడిచిపోతారు. ఆపకండి. ముందు దర్శనం కానివ్వండి. మనసు కుదుటపడితే తప్ప మనిషి రాయిని చూడలేడు. మధ్యాహ్నం గర్భగుడి తలుపులు మూసే వేళ దగ్గర పడకుండా, పదింటికల్లా ఇక్కడ ఉండేలా చూసుకోండి. లోపల స్వామి వెనక ఉన్న పెద్ద మట్టి గోలేన్ని చూపించమని అర్చకులను మర్యాదగా అడగండి. పిల్లలు లేని ఒక కుమ్మరి మొక్కుకుని చేసిన గోలెమట అది. తీరా తెస్తే గుమ్మంలో పట్టలేదు. కుమ్మరి దిగులు చూసి స్వామే దాన్ని లోపలికి చేర్చుకున్నాడని కథ. ఇక్కడ రాజులు పెట్టిన బంగారం ఏదీ ఇప్పుడు మన కంటికి కనిపించదు. కుమ్మరి గోలెం మాత్రం స్వామి పక్కనే ఉంది. నా వెంట వచ్చిన ఆడవాళ్లలో ఈ కథ విని కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. అర్చకుడు చెబితే ఆయననే చెప్పనివ్వండి, మీరు అడ్డు రాకండి. వారాహి అమ్మవారి దర్శనం కూడా ఇక్కడే చేసుకోవాలి.

దర్శనం అయ్యాక అందరినీ మళ్లీ బయటికి తెచ్చి, ఈసారి గోడలను పట్టుకోండి. మండపం ద్వారబంధాల మీద లతలు చెక్కారు. దూరం నుంచి చూస్తే ఉత్త తీగ. మొహం దగ్గరగా పెట్టి ఆ తీగను కింది నుంచి కంటితో పట్టుకుని పైకి వెళ్లండి. మెలిక తిరిగిన ప్రతి చోటా ఏదో ఒకటి దాక్కుని ఉంటుంది. ఒక మనిషి, ఒక జంతువు, ఒక ఆట. ఒక్క ద్వారబంధానికి పావుగంట ఇవ్వండి. నేను ఒక్కొక్కరికి ఒక్కొక్క మెలిక అప్పగిస్తాను. "నీ మెలికలో ఏముందో నువ్వు చెప్పు" అంటే, అప్పటిదాకా నోరు విప్పని మనిషి కూడా మాట్లాడతాడు. మా తోడికోడలు అలాగే మాట్లాడింది. "అక్కా, ఈ తీగ చెక్కినాయన ఇంట్లో ఎవరో ముగ్గులు బాగా వేసేవాళ్లుండాలి" అంది. శిల్పం గురించి అంత మంచి మాట నేను బళ్లో ఎన్నడూ చెప్పలేదు.

చేతిలో దండం పట్టుకుని కూర్చున్న లకులీశుడి కోసం కూడా వెతకండి. పాశుపత శైవుల గురువు ఆయన. ఆ కాలంలో ఈ గుళ్ల చుట్టూ ఎలాంటి శైవం వర్ధిల్లిందో ఆ ఒక్క బొమ్మ చెబుతుంది. ఆవరణలో ఎటు చూసినా లింగాలే. ముఖలింగంలో కోటికి ఒక్కటి తక్కువగా లింగాలున్నాయని సామెతలా చెప్పుకుంటారు. ఊళ్లో పొలం గట్ల మీద కూడా అవి కనిపిస్తాయి. వాటి మీద కూర్చోవద్దని, కాలు పెట్టవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

శాసనం చదవడం

స్తంభాల మీద, గోడల మీద వరసలు వరసలుగా అక్షరాలుంటాయి. ఇవే ఈ గుడికి ప్రాణం. ఎక్కువ భాగం పదకొండు, పన్నెండు శతాబ్దాలవి, తెలుగు లిపి పాత రూపంలో ఉన్నవి. పూర్తిగా చదవడం పండితుల పని. మొదటి వరస మొదట్లో "స్వస్తి శ్రీ" కోసం, ఆ తరువాత "శకవర్షంబులు" కోసం చూడమనండి. టార్చి ఏటవాలుగా పట్టి, ఓపిగ్గా చూస్తే ఒకటి రెండు అక్షరాలు ఎవరికైనా పట్టుబడతాయి. శకవర్షం తెలిస్తే దానికి 78 కలపండి, మనం వాడే సంవత్సరం వస్తుంది. శకం 1000 అంటే 1078, చోడగంగు పట్టాభిషేకమైన ఏడాది. బండిలో చెప్పిన కథ ఇక్కడ వచ్చి అతుక్కుంటుంది.

ఆ శాసనాల్లో యుద్ధాలు, విజయాలు ఉంటాయని అందరూ అనుకుంటారు. చాలావాటిలో ఉన్నది దీపం. ఫలానావాళ్లు స్వామికి అఖండదీపం పెట్టారు, దాని ఖర్చుకు ఇన్ని గంగమాడలు ఇచ్చారు, ఇది సూర్యచంద్రులున్నంత కాలం సాగాలి. మాడ అంటే అప్పటి బంగారు నాణెం. తన పేరున ఒక వత్తి ఆరకుండా వెలగాలని కోరుకుని, ఆ కోరికను రాయి మీద చెక్కించుకున్న మనుషుల వరస ఇది. ఆ మాట చెప్పి కాసేపు ఊరుకోండి. ఎవరికి వాళ్లు ఒక శాసనం ఎంచుకుని దాని ముందు నిలబడతారు, నేను ఎప్పుడూ చూసేదే.

ఒక్కటి మాత్రం కఠినంగా ఉండండి. అక్షరాలు స్పష్టంగా కనిపించాలని సుద్దముక్కతో రుద్దడం, పిండి పూయడం, నీళ్లు చల్లడం చేయనివ్వకండి. బొమ్మల మీద పసుపు, కుంకుమ, నూనె రాయడం కూడా అంతే. భక్తితోనే చేస్తారు, కానీ నూనె పట్టిన రాయి దుమ్మును పట్టుకుని నల్లబడి, చెక్కడం పూడిపోతుంది. ఇవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. కుంకుమ పెట్టాలనిపిస్తే గర్భగుడి ముందు పెట్టుకోవచ్చు. ఫోటోలు బయట తీసుకోండి, లోపల అడగకుండా ఫోను పైకెత్తకండి.

గుడి నుంచి నది దగ్గరే. భోజనాలకు ముందు ఒడ్డుకు వెళ్లి కాళ్లు తడుపుకుని రండి. చలికాలంలో నీరు పాయలుగా చీలి మధ్యలో ఇసుక మేటలు తేలి ఉంటాయి. చూడటానికి మోకాలి లోతే అనిపిస్తుంది. అయినా నడిమధ్యకు ఎవరినీ వెళ్లనివ్వకండి. ఇసుక తవ్విన గుంతలు నీళ్ల కింద కనిపించవు. పైన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది, నీళ్లు వదిలితే మట్టం పెరుగుతుంది. ఈత కొడతామని కుర్రవాళ్లు మారాం చేస్తారు. ఊరివాళ్లు స్నానం చేసే రేవు ఏదో అడిగి, అక్కడ, వాళ్లు దిగినంత లోతులోనే మునగనివ్వండి. తెచ్చుకున్న ప్లాస్టిక్ అంతా సంచిలో వేసుకుని తిరిగి తీసుకురండి.

మధ్యాహ్నం తరువాత

భోజనాలయ్యాక రెండు దారులున్నాయి. ఇత్తడి, కంచు సామాను మీద ఆసక్తి ఉన్నవాళ్లుంటే సారవకోట మండలంలోని బుడితి వెళ్లవచ్చు. బుడితి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెంబు, గంట, దీపపు సెమ్మె, ఏదైనా పనివాళ్ల దగ్గరే కొనండి, బేరం గీచి గీచి ఆడకండి.

నాకు నచ్చిన దారి మాత్రం నది వెంట కిందికి, సముద్రం దాకా. జాతీయ రహదారికి వచ్చి, మడపాం దగ్గర వంశధార వంతెన దాటి, గార మండలంలోని శాలిహుండం చేరండి. నదికి దక్షిణపు ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు మెట్లు మెట్లుగా పైకి వెళ్తాయి. 1919లో దీన్ని లోకానికి చూపించింది కూడా గిడుగువారే. ఈ సంగతి పొద్దున చెప్పకుండా దాచిపెట్టి ఇక్కడ చెప్పండి. అక్కడి మ్యూజియంలో బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలున్నాయి. తెరిచి ఉండే వేళలు బయలుదేరే ముందు రోజే కనుక్కోండి. కొండ ఎక్కలేని పెద్దవాళ్లను మ్యూజియం దగ్గర కూర్చోబెట్టి మిగతావాళ్లు పైకి వెళ్లండి. పై నుంచి చూస్తే వంశధార వెడల్పుగా పరుచుకుని సముద్రం వైపు సాగిపోవడం కనిపిస్తుంది. గాంగులకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఇదే నది ఒడ్డున భిక్షువులు నివసించారు. ఓడలు వచ్చే రేవు కింద, ధ్యానానికి కొండ పైన, తాగడానికి నది పక్కన. ఇంతకన్నా ఏం కావాలి వాళ్లకు?

అక్కడి నుంచి కళింగపట్నం దగ్గరే. వంశధార బంగాళాఖాతంలో కలిసేది ఇక్కడే. అయిదు గంటలకల్లా తీరానికి చేరితే దీపస్తంభం చూసి, ఇసుకలో నడిచి, చీకటి పడకముందే తిరిగి బండి ఎక్కవచ్చు. నదీముఖం దగ్గర అలల లాగుడు బలంగా ఉంటుంది, సముద్రంలోకి దిగనివ్వకండి. శ్రీకాకుళం చేరేసరికి రాత్రి భోజనం వేళ అవుతుంది.

రాత్రి బస చేసేవాళ్లు మర్నాడు పొద్దున అరసవల్లి సూర్యనారాయణస్వామిని, ఆ తరువాత శ్రీకూర్మాన్ని చూసుకోవచ్చు. మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల్లో, రథసప్తమినాడు అరసవల్లిలో కాలు పెట్టే సందు ఉండదు, ఆ తేదీలు చూసుకుని బయలుదేరండి. శ్రీకూర్మంలో కూడా స్తంభాల నిండా శాసనాలే. టార్చి సంచిలోంచి తీసేయకండి.